పైఇంటి అక్కకు వీడ్కోలు: పదహారు రోజుల ప్రాజెక్టు డైరీ

ఇంకా 16 రోజులు

పైఇంటి అక్క ఇల్లు ఖాళీ చేయడం ఖాయమైంది. తొమ్మిదేళ్లుగా మా నెత్తిమీద ఉన్న మనిషి. ఈ మాట అక్షరాలా నిజం: మా హాలు పైకప్పే ఆమె ఇంటి నేల. రాత్రి పదకొండుకు పైన కుర్చీ జరిగిన చప్పుడైతే, ఆఫీసు పని ముగించి లేచిందని మాకు తెలుస్తుంది.

వీడ్కోలు విందు ఎక్కడ అన్న చర్చ వారం రోజులుగా నడుస్తోంది. ఆఫీసువాళ్లు హోటల్ అన్నారట, ఆదివారం నడక బృందంవాళ్లు పార్కు అన్నారట. మధ్యలో "మా ఇంట్లో పెడదాం" అని నోరు జారింది నేనే. మా ఆవిడ అక్కడ ఏమీ అనలేదు. ఇంట్లోకి వచ్చి తలుపు వేశాక "ఎంతమంది?" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

రాత్రి కూర్చుని జాబితా రాశాం. భవనంలోవాళ్లు 12 మంది, ఆఫీసువాళ్లు 13, నడక బృందం 9. మొత్తం 34. ఈ మూడు గుంపులకూ అక్క తెలుసు, ఒకరికొకరు మాత్రం తెలియదు. దీనికింద రెండు గీతలు గీశాను. అసలు చిక్కు ఇక్కడే వస్తుందని అనుమానం.

ఇంకా 14 రోజులు

టేపు పట్టుకుని హాలు కొలిచాను. 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 280 చదరపు అడుగులు. విందులు ఏర్పాటు చేసేవాళ్లు వాడే ఉజ్జాయింపు లెక్క ఒకటి ఉంది: నిలబడి మాట్లాడుకునే విందుకు మనిషికి 6 నుంచి 10 చదరపు అడుగులు, బల్లల దగ్గర కూర్చుని తినాలంటే 12 నుంచి 15. ముప్ఫై మంది వస్తారనుకుంటే మనిషికి తొమ్మిది పైచిలుకు. అంటే బల్లల భోజనం కుదరదు, నిలబడే విందు కుదురుతుంది. అదీ సోఫా లేకపోతేనే.

తర్వాత గాలి సంగతి. ఊరికే కూర్చున్న మనిషి ఒంటినుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. ముప్ఫై మంది కలిస్తే మూడు కిలోవాట్లు, అంటే గది వెచ్చబెట్టే హీటర్లు రెండు నిండుగా వెలిగించి పెట్టినట్టు. ఒక టన్ను ఏసీ తీసేయగలిగేది మూడున్నర కిలోవాట్ల వేడి. ఆ లెక్కన మా ఏసీ అతిథుల ఒంటి వేడికే సరిపోతుంది. దీపాలకూ పొయ్యికీ ఎండకూ ఏమీ మిగలదు. పైగా అది గదిలోని గాలినే తిప్పితిప్పి చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. కిటికీలన్నీ బిగించి ముప్ఫై మందిని మా హాల్లో గంటసేపు ఉంచితే, బయటి గాలిలో ఉండేదానికి పదిహేను రెట్లు దాటుతుంది. విందు మధ్యలో ఆవలింతలు మొదలైతే ఉపన్యాసాలనే తప్పుపట్టనక్కర్లేదు.

నిర్ణయం: అతిథులు రాకముందే గంటసేపు ఏసీ వేసి గదిని చల్లబరచడం, వాళ్లు వచ్చాక ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచి ఫ్యాను పెట్టడం. మా అబ్బాయి ఈ లెక్కలన్నీ చూసి, "వాళ్లను బాల్కనీలో నిలబెడితే సరిపోతుంది కదా నాన్నా" అన్నాడు. ఆ మాట కూడా రాసుకున్నాను.

ఇంకా 12 రోజులు

ఈరోజు పనేమీ చేయలేదు, ఒక్క లెక్క వేశాను. ఆ లెక్కతో పథకమంతా తలకిందులైంది.

సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు విందు. 180 నిమిషాలు. ముప్ఫై మంది. అక్క ప్రతి ఒక్కరితోనూ విడిగా మాట్లాడితే తలకు ఆరు నిమిషాలు. అందులోంచి తినే సమయం, ఉపన్యాసాలు, ఫోటోలు తీసేస్తే నాలుగు. తొమ్మిదేళ్ల పరిచయానికి నాలుగు నిమిషాలు! అదైనా అందరికీ దక్కదు. వచ్చినవాళ్లలో ఇద్దరో ముగ్గురో ఆమెను మూలకు పట్టుకుని అరగంట కదలనివ్వరు, మిగతావాళ్లు దూరంనుంచి చెయ్యి ఊపి వెళ్లిపోతారు. నేను వెళ్లిన వీడ్కోలు విందుల్లో ఎక్కువసార్లు చెయ్యి ఊపినవాణ్ని నేనే.

నా మొదటి పథకంలో హాలు చివర అక్క కోసం పూలతో అలంకరించిన పెద్ద కుర్చీ ఉంది. మా ఆవిడ దానికి సింహాసనం అని పేరు పెట్టింది. సింహాసనం రద్దు. కూర్చోబెడితే ఎదురుగా వరస కడతారు; వరసలో నిలబడ్డవాడు ముందున్నవాడి వీపు చూస్తాడు గానీ పక్కవాడితో మాట్లాడడు. అక్క నడుస్తూ ఉండాలి. ఆమె ఎక్కడైనా చిక్కుకుపోతే విడిపించడానికి ఒక మనిషి కావాలి. అతిథులు మర్యాదకు ఎదురుచెప్పలేని మనిషి.

ఆ పని మా అమ్మకు అప్పగించాను. ఇరవై నిమిషాలకోసారి వెళ్లి, "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి. ఎక్కడికి అని ఎవరూ అడగరు. డెబ్బై నాలుగేళ్ల ఆవిడను అడిగే ధైర్యం ఎవరికుంటుంది? అమ్మ ఒక్క షరతు పెట్టింది: కళ్లజోడు మార్పించాలి, ఈ చూపుతో పక్కావిడను పట్టుకొచ్చే ప్రమాదం ఉందట.

ఇంకా 10 రోజులు

ఆహ్వానాలు వెళ్లాయి. మొదలయ్యే సమయంతోపాటు ముగిసే సమయం కూడా రాశాను. ముగింపు రాయడం అమర్యాద అని మా ఆవిడ అభిప్రాయం. మామూలు విందైతే నేనూ ఒప్పుకునేవాణ్ని. వీడ్కోలు విందులో "ఇక వెళ్లొస్తాను" అన్న మాటే అసలు వీడ్కోలు, అందుకే ఎవరూ ముందుగా ఆ మాట అనరు. రాసిపెట్టిన సమయం ఉంటే ఆ పాపం దాని ఖాతాలో పడుతుంది.

ఆహ్వానంతోపాటు అందరికీ ఒక చీటీ పంపాం. అందరి సంతకాలతో పెద్ద కార్డు ఒకటి ఇవ్వడం మామూలు. అలాంటి కార్డుల్లో ముప్ఫై మందీ "మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలి" అనే రాస్తారు, దాన్ని తెరిచి రెండోసారి చదివినవాళ్లను నేను చూడలేదు. అందుకని శుభాకాంక్షలు అడగలేదు, ఒక ప్రశ్న అడిగాం: "అక్క మీ దగ్గర తీసుకుని ఇంతవరకు తిరిగి ఇవ్వనిది ఏమిటి?"

రాత్రికే ఐదు జవాబులు వచ్చాయి. ఆఫీసులో పక్క బల్ల ఆయన: "పెన్ను. ఒకటి కాదు." నడక బృందం నుంచి: "ముందు నడిచే స్థానం. ఈవిడ చేరకముందు అది నాది." రెండో అంతస్తు పాప: "మా పిల్లి. రోజూ పైకే వెళ్తుంది."

నా చీటీ కూడా రాసేశాను. మా నాలుగడుగుల మడత నిచ్చెన. మూడేళ్ల కిందట బల్బు మార్చడానికని తీసుకెళ్లింది.

ఇంకా 9 రోజులు

విద్యుత్తు పరీక్ష. ఆ రోజు ఏమేమి ఒకేసారి నడుస్తాయో అన్నీ ఇవాళే నడిపి చూశాను: ఏసీ, కెటిల్, వంటకాలు వేడిగా ఉంచే పళ్లెం, ఫ్రిజ్, అదనపు దీపాలు. కెటిల్ మీట నొక్కిన ఐదో సెకనుకు ఇల్లంతా చీకటి. అబ్బాయి చప్పట్లు కొట్టాడు.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. కెటిల్ రెండు వేల వాట్లు, వేడి పళ్లెం పన్నెండు వందలు. రెండింటినీ హాల్లోని ఒకే లైనుకు తగిలించాను, ఏసీ కూడా దాని మీదే ఉంది. కెటిల్‌ను వంటింటి లైనుకు మార్చాక మళ్లీ అన్నీ వేశాను, నిలబడింది. పదిహేను నిమిషాల తర్వాత ఎక్స్‌టెన్షన్ తీగ మీద చెయ్యి పెట్టి చూస్తే కాలుతోంది. పొడవైన తీగ, చక్రానికి చుట్టే ఉంచి కొంచెమే బయటికి లాగాను. చుట్ట మధ్యలో పుట్టే వేడికి బయటికి పోయే దారి ఉండదు. తీగ మొత్తం విప్పి గోడ వెంట పరిచి టేపు వేస్తే పది నిమిషాల్లో చల్లబడింది. విందు రోజున ఆ తీగ పరదా వెనకాల ఉండేది, మనం చెయ్యి పెట్టి చూసే అవకాశమే ఉండేది కాదు.

ఇంకా 7 రోజులు

సోఫా పడకగదిలోకి వెళ్లింది. తివాచీ చుట్టేశాం. గాలి బాగా ఆడాలని పరదాలు కూడా దింపేశాను. పడకగది తలుపు ఎత్తు మీద సోఫాకు ఏదో పాత కక్ష ఉన్నట్టుంది, నలభై నిమిషాలు లోపలికి రానని మొండికేసింది. మొత్తానికి హాలు మైదానంలా తయారైంది. గర్వంగా మధ్యలో నిలబడి, "ఎలా ఉంది?" అన్నాను.

"ఉంది, ఉంది" అన్నాయి గోడలు.

చప్పట్లు కొట్టి చూశాం. చప్పుడు ఆగకుండా గింగురుమంటోంది. నలుగురం ఒకేసారి మాట్లాడితే ఒక్క మాట తెలియలేదు. మెత్తని వస్తువులన్నీ తీసేశాక ధ్వనిని పీల్చుకునేది ఏదీ మిగలలేదు, గట్టి గోడలకూ నేలకూ తగిలి తిరిగొస్తోంది. గుంపు చేరినప్పుడు దీనికి ఇంకొకటి తోడవుతుంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్డ్ 1911లోనే ఈ సంగతి రాశాడు. ఒకరు పెంచితే పక్కవాళ్లు పెంచుతారు, వాళ్లను చూసి ఇంకొకరు. చివరికి అందరూ అరుస్తుంటారు, ఎవరికీ వినబడదు.

వ్యాలెస్ సబైన్ అనే హార్వర్డ్ భౌతికశాస్త్రవేత్తకు 1895లో ఇదే తలనొప్పి. కొత్త ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని ఆయనకు అప్పగించారు. పక్క నాటకశాల సీట్ల దిండ్లను రాత్రిపూట మోయించుకొచ్చి, ఎన్ని దిండ్లు పెడితే ధ్వని ఎంతసేపట్లో అణుగుతుందో కొలిచి, తెల్లారేలోపు తిరిగి పెట్టేసేవారు. భవన ధ్వనిశాస్త్రం అక్కడే మొదలైంది. ఒక మనిషి ఒళ్లు దాదాపు ఆరు దిండ్లంత ధ్వనిని పీల్చుకుంటుందని కూడా ఆయన లెక్క తేల్చారు. అంటే మాకు ముప్ఫై మంది అతిథులే నూట ఎనభై దిండ్లు. కొంత ధైర్యం వచ్చింది.

అయినా పరదాలు మళ్లీ కట్టాల్సిందే. కిటికీ తెరిచినా పరదాను పక్కకు జరిపి మడతలుగా ఉంచితే రెండు పనులూ అవుతాయి. దింపేటప్పుడు కుర్చీ ఎక్కి సరిపెట్టాను గానీ కొక్కేలు తిరిగి తగిలించాలంటే నిచ్చెన కావాలి. పైకి వెళ్లి అడిగాను.

"నిచ్చెనా? తీసుకో తమ్ముడూ, దానికేం. కానీ పని కాగానే తెచ్చి ఇచ్చెయ్యి, అటక మీద పెట్టెలు ఇంకా దించలేదు" అంది అక్క.

నా నిచ్చెన అరువు తెచ్చుకుని, పరదాలు కట్టి, సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేసి వచ్చాను. చీటీలో రాసిన సంగతి బయటపడుతుందని పెదవి విప్పలేదు. తివాచీని గోడకు ఆనించి నిలబెట్టాం, కాళ్లకు అడ్డుపడకుండా. ఇప్పుడు చప్పట్లు కొడితే చప్పట్ల చప్పుడే వినబడుతోంది. పాటలు పెట్టాలన్న ఆలోచన మానుకున్నాను.

ఇంకా 5 రోజులు

కుర్చీలు. ముప్ఫై మందికి ముప్ఫై కుర్చీలు వేస్తే అందరూ కూర్చుంటారు, కూర్చున్నవాళ్లు లేవరు. ఇరవై చాలు. పెద్దవాళ్లు ఆరుగురు ఉన్నారు కాబట్టి వాళ్లవి చేతులున్న కుర్చీలు. లేవడానికి ఆసరా కావాలి.

ఎలా వేయాలన్నదే వాదన. గోడల వెంట వరసగా వేస్తే మధ్యలో చోటు మిగులుతుందని మా ఆవిడ. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. ఆసుపత్రిలో చీటీ కోసం ఎదురుచూసే గది కూడా అలాగే ఉంటుంది. రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వవేత్త 1950లలో కెనడాలో ఒక ఆసుపత్రి వార్డులో ఇదే గమనించారు. వృద్ధులు గోడల వెంట కుర్చీల్లో భుజం భుజం ఆనించి కూర్చుని రోజంతా మాట్లాడుకునేవారు కాదు. ఆ కుర్చీలనే చిన్న బల్లల చుట్టూ చేర్చి వేశాక మాటలు దాదాపు రెట్టింపయ్యాయి. పక్కపక్కన ఉన్న ఇద్దరు మాట్లాడుకోవాలంటే మెడ తిప్పాలి. మూలకు ఇద్దరు కూర్చుంటే చూపులు వాటంతటవే కలుస్తాయి.

మా ఇంట్లో బల్లలు లేవు. పీటలు, అట్టపెట్టెల మీద బట్ట, పిల్లల చదువు బల్ల, దొరికినవన్నీ కలిపి ఐదు గూళ్లు తయారు చేశాను. ఒక్కో గూటికి నాలుగేసి కుర్చీలు. నాలుగు దాటితే గుంపు తనంతట తానే రెండుగా చీలిపోతుంది, ఏ విందులోనైనా చూడొచ్చు.

వంటకాల బల్లను గోడకు ఆనించకుండా రెండడుగులు ముందుకు లాగాను, రెండువైపులా వడ్డించుకోవచ్చు. మనిషికి నలభై సెకన్లు పడుతుందనుకుంటే ఒకవైపు వరస ముప్ఫై మందికి ఇరవై నిమిషాలు, రెండువైపులా అయితే పది. కంచాలు మొదట్లో, చెంచాలూ చేతిరుమాళ్లూ చివర్లో. ముందే ఇస్తే ఆ చేత్తో వడ్డించుకోలేరు. మంచినీళ్లూ పానీయాలూ హాలుకు ఆ చివర, వంటకాలకు ఎంత దూరమైతే అంత మంచిది. గుంపంతా ఒకేచోట గడ్డకట్టకుండా ఉంటుంది.

ఇంకా 3 రోజులు

వంట గురించి రాయడానికి పెద్దగా లేదు. జాబితా మా ఆవిడది, అందులో వేలు పెట్టనని మాట ఇచ్చాను. ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టాను: వండినవి 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిమిలో రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. క్రిములు వేగంగా పెరిగేది ఆ మధ్యలోనే. విందు మూడు గంటలు, రెండు గంటల నియమం. అందుకని అన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టం. చిన్న గిన్నెల్లో సగం ముందు, సగం ఎనిమిదికి. మిగిలినవాటిని లోతు తక్కువ పాత్రల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పెద్ద గిన్నె అలాగే పెడితే నడుమ గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది.

మంచు మనిషికి అరకిలో చొప్పున పదిహేను కిలోలు. సీసాలను ఉత్త మంచులో గుచ్చడం కంటే మంచులో నీళ్లు పోసి ముంచితే త్వరగా చల్లబడతాయి, నీరు సీసా చుట్టూ పూర్తిగా అంటుకుంటుంది కాబట్టి. దీనికి ఎవరూ ఒప్పుకోలేదు. రెండు సీసాలతో పోటీ పెట్టి గెలిచాను.

ఇంకా 1 రోజు

స్నానాలగది గడియ. పన్నెండేళ్లుగా మాకు దాని రహస్యం తెలుసు: తలుపును కొంచెం పైకెత్తి లాగాలి. తెలియని మనిషి లోపల చిక్కుకుపోతాడు. కీలు దిగింది, మరలు బిగించి నూనె వేశాను. పది నిమిషాల పని. అతిథులు వస్తేనే గానీ ఇల్లు బాగుపడదని అమ్మ ఎప్పుడూ అనేది ఇందుకే. లోపల అదనపు తువ్వాళ్లు, ఒక కొక్కెం, మూతున్న చెత్తబుట్ట పెట్టాం.

సంచులకూ గొడుగులకూ పడకగదిలో సోఫా. దాని మొండితనం చివరికి ఇలా పనికొచ్చింది.

గ్లాసులు 75. ముప్ఫై మందికి ఎందుకన్నాడు అబ్బాయి. ఒక చోట పెట్టి మర్చిపోయి ఇంకోటి తీసుకోవడం మనిషి స్వభావం. పేరు రాసుకోవడానికి అంటించే కాగితాలు, పెన్ను గ్లాసుల పక్కనే పెట్టాను.

చొక్కాలకు అంటించుకునే చీటీలు కూడా సిద్ధం. వాటి మీద పేరు కింద అక్క ఎలా తెలుసో రాయాలి: "మూడో అంతస్తు, 9 ఏళ్లు", "ఆఫీసు, పక్క బల్ల", "నడక, రెండో వరస". మాట కలపడానికి పేరు కంటే అది ఎక్కువ పనికొస్తుందని ఆశ.

ఆ రోజు (రాత్రి ఒంటిగంటకు రాస్తున్నాను)

వస్తామన్నవాళ్లు 27. వచ్చినవాళ్లు 31.

మొదటి ఇరవై నిమిషాలు నా పథకాన్ని ఎవరూ ఖాతరు చేయలేదు. ఐదు గూళ్లూ ఖాళీ. అందరూ వంటింటి గుమ్మం దగ్గర కుక్కినట్టు నిలబడ్డారు, పనిచేసేవాళ్లకు లోపలికీ బయటికీ దారి లేకుండా. వెలుగు అక్కడుంది, వాసన అక్కడుంది, చేతుల్లో ఏదో ఒకటి పెట్టేవాళ్లు అక్కడున్నారు. మరి ఎక్కడ నిలబడతారు? పానీయాల బల్ల దగ్గర పెద్ద దీపం వెలిగించి, వంటింటి దీపాలు రెండు తీసేశాను. ఐదు నిమిషాల్లో గుంపు సగం కదిలింది. పురుగులకూ మనకూ పెద్ద తేడా లేదు.

చొక్కా చీటీలు మాత్రం అనుకున్నదానికంటే బాగా పనిచేశాయి. "పెన్ను. ఒకటి కాదు" అని రాసిన ఆయనకూ "ముందు నడిచే స్థానం" పోగొట్టుకున్న ఆయనకూ అక్క మీద ఫిర్యాదులు కలిశాయి, ఇద్దరూ ఒక గూట్లో కూర్చుని గంట సేపు లేవలేదు. పిల్లి పాప గదంతా తిరిగి అందరి చీటీలూ గట్టిగా చదివింది.

జేబులో జాబితా పెట్టుకుని, అక్క ఎవరెవరితో మాట్లాడిందో రహస్యంగా టిక్కులు పెట్టుకుంటూ తిరిగాను. ఎనిమిదికి చూస్తే 31లో 17. అమ్మ అద్భుతంగా పనిచేసింది. ఒక పెద్దమనిషి తన బదిలీల చరిత్ర రెండో అధ్యాయంలోకి దిగుతుండగా వెళ్లి, "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అని లాక్కెళ్లింది. ఆయన మిగతా చరిత్ర ఫ్యానుకు చెప్పుకున్నాడు.

ఉపన్యాసాలు నలుగురికి మూడేసి నిమిషాలు. సమయపాలకుడు మా అబ్బాయి: గడువు కాగానే బల్ల మీది దీపం ఆర్పాలి. మూడో వక్త విషయంలో దీపం ఆర్పాడు, వెలిగించాడు, ఆర్పాడు. ఆయన కరెంటు సమస్య అనుకుని గొంతు పెంచాడు. పదకొండు నిమిషాలు. ఆ తర్వాత చీటీల పెట్టె ఇచ్చాం. అక్క నిలబడి ఒక్కొక్కటే చదివింది. నవ్వుతూ మొదలుపెట్టింది. పెన్నులు, గొడుగు, పుస్తకం, ఊరగాయ జాడీ కాదు దాని మూత, ఇలా వెళ్తూ వెళ్తూ ఒక చీటీ దగ్గర ఆగిపోయింది. నాలుగో అంతస్తు పెద్దావిడ రాసింది: "మా వారు పోయిన నెలలో ప్రతి రాత్రీ వచ్చి పక్కన పడుకుంది. ఆ రాత్రులు." గదిలో ఫ్యాను చప్పుడొకటే వినబడింది. పెద్దావిడ చేతుల కుర్చీలోంచి లేవబోతే అక్కే వెళ్లి పక్కన నేల మీద కూర్చుంది. అమ్మ వెళ్లి విడిపించలేదు. అక్కడ పన్నెండు నిమిషాలు పోయాయి, నా పట్టికలో దానికి గడి లేదు.

నా నిచ్చెన చీటీ చదివినప్పుడు అక్క తలెత్తి, "అది నీదా?" అంది. అందరూ నవ్వారు. ఆమె ముఖం చూస్తే నిజంగానే తెలియదని అర్థమైంది.

తొమ్మిదింబావుకు ఫోటో, తొమ్మిదిన్నరకు సంచులు. ఇక్కడే నా పథకంలోని పెద్ద లోపం బయటపడింది: ముగింపు సమయం రాస్తే అందరూ ముగింపు సమయానికి గుమ్మం దాకా వస్తారు, గుమ్మం దాటరు. పది గంటలకు మా వరండాలో, మెట్ల మీద ఇరవై మంది. హాల్లో చెప్పని మాటలన్నీ అక్కడ చెప్పుకుంటున్నారు. మూడు గంటలు నేను చేసిన ఏర్పాట్లలో ఏ గూట్లోనూ అంత మెల్లగా ఎవరూ మాట్లాడలేదు. అబ్బాయి తనంతట తానే రెండు కుర్చీలు బయటికి తెచ్చి వేశాడు, మెట్ల దీపం వెలిగించాడు. చివరి మనిషి దిగేసరికి పదకొండుంబావు.

టిక్కులు లెక్కపెట్టాను. 31కి 31. కాగితం చివర ఇంటివాళ్ల పేర్లు కూడా రాసుకున్నాను మొదటి రోజున, ఎందుకో. అమ్మ పేరుకు ఎదురుగా పన్నెండు టిక్కులు. మా ఆవిడ పేరుకూ నా పేరుకూ ఒక్కటీ లేదు.

మర్నాడు

గ్లాసులు 75లో 74. ఒకటి ఏడున్నరకే పగిలింది. చీపురూ చేటా గుమ్మం వెనకే పెట్టుకోవడం వల్ల నిమిషంలో తీసేశాం. మిగిలిన గొడుగులు రెండు, ఒక కళ్లజోడు పెట్టె. రెండో విడత వంటకాలు సగం మిగిలాయి, రాత్రే ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. ఈసారి చేస్తే ఎనిమిది గంటల గిన్నెలు చిన్నవి చాలు.

ఏడింటికి తలుపు కొట్టిన చప్పుడు. అక్క, చీర కొంగు నడుముకు దోపుకుని. "వదినా, జరగండి" అని కుళాయి దగ్గర నా ఆవిడ చోటు ఆక్రమించింది. ఆమె తోమింది, మా ఆవిడ కడిగింది, నేను తుడిచాను. డెబ్బై నాలుగు గ్లాసులు. కొత్త ఇంట్లో కుళాయి ఎత్తు సరిగా లేదని, పైన కుర్చీ జరిపే చప్పుడు వినడానికి కింద ఎవరూ ఉండరని, పిల్లికి ఎలా చెప్పాలో తెలియడం లేదని, ఇంకా చాలా. యాభై నిమిషాలు పట్టింది. మధ్యలో అమ్మ రెండుసార్లు వచ్చి "అమ్మాయ్, ఒకసారి ఇలా రా" అంది. మూడోసారి రాకుండా వంటింటి తలుపు వేసేశాను.

ఆరు రోజుల తర్వాత

సామాను లారీ నిన్న వెళ్లింది. తాళాలు మా దగ్గరే ఉన్నాయి, కుళాయిలు కట్టారో లేదో చూడమంది. సాయంత్రం పైకి వెళ్లాను. పరదాలు లేవు, తివాచీ లేదు, అడుగు వేస్తే గది మొత్తం బదులు చెబుతోంది. పిల్లి వంటింటి గట్టు మీద కూర్చుంది.

హాలు మధ్యలో నిచ్చెన, విప్పి నిలబెట్టి ఉంది. పై మెట్టు మీద నా చీటీయే, టేపుతో అంటించి. నా అక్షరాల కింద ఆమె చేతిరాత: "ఇచ్చేశాను. వెళ్లేటప్పుడు హాల్లో బల్బు పోయింది, మార్చెయ్యి తమ్ముడూ."